ఫోర్కు దిగని టైరు

అమ్ముకునేవాడు అమ్మడానికి తొందరపడలేదంటే నాకు ముందు అనుమానమే వస్తుంది. ఈ సైకిల్ షాపతను మూడు టైర్లు తెచ్చి బల్ల మీద పడేసి, "చూస్తూ ఉండండి మేడమ్, ఈలోపు మీ ట్యూబు సంగతి చూస్తాను" అని వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. పొగడలేదు, ఇదొక్కటే మిగిలిందని బెదిరించలేదు, ఇందాకే ఎవరో అడిగి వెళ్ళారని కోతలు కోయలేదు. అంటే ఏమిటి? మూడూ ఒకే చెత్తని తెలుసా? లేక చలికాలంలో సైకిలెక్కే ఆడది ఏదో ఒకటి కొనక ఏం చేస్తుందిలే అని ధీమానా? హీటరు ఒక్క మూలనే వేడి చేస్తోంది, ఆ మూలనే అతని కుర్చీ ఉంది. రబ్బరు వాసన, నూనె వాసన, తడి చేతితొడుగులు ఆరుతున్న వాసన. గోడకి చక్రాలు వరసగా వేలాడుతున్నాయి. అద్దానికి అవతల వీధి సగం తెలుపు, సగం బురద. మంచు కురవడం ఆగింది కానీ ఆగిందని నమ్మడానికి లేదు, ఆకాశం పొద్దుటి నుంచీ ముఖం ముడుచుకునే ఉంది. సంచిలో చెయ్యి పెట్టి ఫోర్కు ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. మా వంటింటిదే, మాంసం ముక్క కదలకుండా పట్టుకుని కోయడానికి వాడే రెండు పళ్ళ పెద్ద ఫోర్కు. అతను ఇటు రాకముందే పొడిచి చూడాలి.

మొదటి టైరు నల్లగా, బరువుగా ఉంది. చక్రం అంచుకీ రోడ్డుకీ మధ్య లోపల ఇంకో రబ్బరు పొర ఉందట, గాజుపెంకు ఆ పొర దాటి రాదట. దాని మీద అతికించిన కాగితం అలాగే చెబుతోంది, కాగితానిదేముంది, ఏమైనా చెబుతుంది. రెండోది పలచగా ఉంది, కానీ లోపల ఏదో గట్టి నేత ఉందట. మూడోదానికి ఒళ్ళంతా చిన్న చిన్న ఇనప మేకులు, గట్టిపడిన మంచు మీద పట్టు కోసం. చూస్తేనే పళ్ళు జిల్లుమన్నాయి. నేను మొదటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఫోర్కు ఆనించి నొక్కాను. దిగలేదు. ఇంకా నొక్కాను. పళ్ళు కాస్త లోపలికి వెళ్ళి ఆగాయి. నేను ఇళ్ళకి వెళ్ళి సూదులు వేసే నర్సుని, ఏ చర్మంలో ఎంత బలానికి ఎంత దిగుతుందో నా వేళ్ళకి తెలుసు, చిల్లుల గురించి నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఈ టైరు మొండి ముసలివాళ్ళ తొడలా ఉంది. దీన్ని పొడవాలంటే మనిషి నిలబడి బరువంతా వేయాలి, అప్పుడు చప్పుడవుతుంది, చప్పుడైతే నాకు మెలకువ వస్తుంది, మెలకువ వస్తే నేను తలుపు తీస్తాను, తలుపు తీస్తే ఆయన చేతిలో ఫోర్కుతో నా ముందు నిలబడి ఉంటారు. ఆ ముఖం చూడాలని నాకు ఎంత కోరికగా ఉందో, ఎంత భయంగా ఉందో కూడా చెప్పలేను.

ఈ చలికాలమంతా నా బతుకు పంక్చర్లతోనే తెల్లవారుతోంది. మామూలు రోజుల్లో ఏడాదికి ఒకసారి అయితే గొప్ప. మంచు మొదలైన దగ్గర్నుంచీ, వంతెన దిగగానే ఒకసారి, ఆసుపత్రి మలుపులో ఒకసారి, పెద్ద టీచరమ్మ ఇంటి ముందున్న గట్టు ఎక్కిస్తుంటే ఒకసారి, టప్ మని వెనక చక్రం కుంగిపోవడం, నేను వంగి, తొడుగులు విప్పి, వేళ్ళు కొయ్యబారిపోయి ట్యూబు మార్చుకోవడం. అవతల ఆ టీచరమ్మకి షుగరు సూది పడేదాకా తినడానికి లేదు. ప్లేటు మీద ఇంకో ప్లేటు మూసి, దాని ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉంటుంది, పిల్లల్ని నిలబెట్టినన్నాళ్ళూ అలవాటైన చూపుతో గడియారం వైపు చూస్తూ. "సూదమ్మా, ఇవాళ ఏ కథ తెచ్చావు?" అంటుంది. పంక్చరండీ అంటే నమ్మదు. నేనైనా నమ్మను. మా సూపర్‌వైజరు అసలు నమ్మలేదు. ఇంకోసారి ఆలస్యమైతే రౌండ్లు తీసేసి ఆఫీసులో కూర్చోబెడతానంది. ఫైళ్ళ మధ్య కూర్చోవడానికా నేను ఈ పనిలోకి వచ్చింది? పొద్దున్నే తలుపు తీసి నన్ను చూసి బతికాం అన్నట్టు ఊపిరి వదిలే ఆ ముఖాలు లేకపోతే నాకు ఈ పని ఎందుకు?

మొదట రోడ్డుని అనుమానించాను. మంచు కరగడానికి ఉప్పుతో పాటు చల్లే కంకర పదునుగా ఉంటుంది కదా. తర్వాత ట్యూబుల కంపెనీని అనుమానించాను. తర్వాత మా ఆయన్ని. ఎందుకంటే కిందటి చలికాలం నేను జారిపడి కాలర్‌బోను విరగ్గొట్టుకున్నప్పుడు, సైకిలు అమ్మేద్దామన్నది ఆయనే. బస్సులో వెళ్ళొచ్చుగా అన్నది ఆయనే. బస్సు పోని సందుల్లో ఉంటారు నా పేషెంట్లు, ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికి ఎక్కదు. కానీ మా ఆయన నిద్రపోతే ఇల్లు కూలినా లేవడు. నిద్రలో నడిచే రకం కూడా కాదు. మెలకువలోనే సరిగ్గా నడవడు. అప్పుడు పాత ట్యూబులన్నీ తీసి వంటింటి బల్ల మీద పరిచాను. అన్నిటికీ ఒకటే గుర్తు. పక్కపక్కనే రెండు చిల్లులు, చిన్నవి, శుభ్రంగా ఉన్నాయి. గాజుపెంకు కోస్తుంది, మేకు ఒక్క చిల్లు పెడుతుంది, పక్కపక్కనే రెండు పెట్టే రాయి ఏ రోడ్డు మీద ఉంటుంది? సొరుగు లాగాను. రెండు పళ్ళ ఫోర్కు తీసి చిల్లుల మీద ఆనించాను. కాస్త అటూ ఇటూగా సరిపోయింది. మా వంటిల్లు మాలో ఎవరో ఒకరికి కాక ఇంకెవరికి తెరిచి ఉంటుంది?

వెనక గదిలో నీళ్ళ తొట్టిలో ట్యూబుని ముంచుతున్న చప్పుడు. బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తున్నాడు కాబోలు. చూడనీ. నాకు తెలిసిందే అతనికి తెలుస్తుంది. మొన్న రాత్రి గాలి నింపాక నేనొక పని చేశాను. గాలి నింపే చోట ఉంటుందే వాల్వు, దాని మూత మీదా కింద ఇనుము మీదా కలిసేలా గోళ్ళరంగుతో ఒక గీత గీశాను. గీత సగం మూత మీద, సగం కింద. పొద్దున చూస్తే గీత రెండు ముక్కలై చెరోవైపు ఉంది. ఎవరో మూత తిప్పారు. ఆ తొందరలో ఇంకేం చూడకుండా ఎక్కి వెళ్ళాను, గట్టు దగ్గర మళ్ళీ టప్. పైగా ఇవాళ పొద్దున కాఫీ కప్పు అందిస్తుంటే ఆయన బొటనవేలి గోట్లో నల్లటి మసి. చక్రాల మసి. కడిగినా పోనిది. ఆయన అంటే మా మామగారు.

ఆయన మా ఇంటికి వచ్చి రెండో చలికాలం ఇది. జీవితమంతా బస్సు తోలారు. బస్సు దిగాక కూడా తోలుతూనే ఉన్నారు, సోఫాలో కూర్చుని టీవీ చూస్తుంటే కుడికాలు నేలని నొక్కుతూ ఉంటుంది. మాట తక్కువ. నవ్వితే మీసం కింద నవ్వారో లేదో ఊహించుకోవాలి. అలాంటి మనిషి నేను భుజానికి కట్టుతో మంచం మీదున్నప్పుడు ఎంత వాగారు! పొద్దున్నే ప్లేటు తెచ్చి పక్కన పెట్టి, దిండు సరిచేసి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఏ లోయ దారిలో ఏ బస్సు ఎలా జారిందో, ఎవరు బతికారో, ఎవరు పోయారో చెబుతుండేవారు. ఒకరోజు లేచి వెళ్ళిపోతూ, "నువ్వు ఇంట్లో ఉంటే నాకు ప్రాణం హాయిగా ఉందమ్మా" అన్నారు. అప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు అదే మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. హాయిగా ఉండదూ మరి? కోడలు ఇంట్లో పడి ఉంటే ఎవరికి హాయిగా ఉండదు? నేను పనిలోకి తిరిగి వెళ్ళిన రోజున ఆయన కిటికీ దగ్గర నిలబడి, నేను సందు తిరిగేదాకా చూశారు. ఆరోగ్యం గురించి బెంగ అనుకున్నాను. ఎంత అమాయకురాల్ని! అడ్డం చెబితే నేను వినని దాన్నని తెలుసు. నోటితో కాదంటే గొడవ. రాత్రి చెప్పులు చేత పట్టుకుని మెట్ల కింద సైకిలు దగ్గరికి వెళ్ళి చేత్తో కాదంటే గొడవే లేదు. పైకి దేవుడులాంటి మామగారు, నేను మాత్రం సూటిపోటి మాటలు పడుతూ, రోజూ ఆలస్యంగా వెళ్ళి, ఆఖరికి నా అంతట నేనే మానేయాలి. ఇంత నిదానంగా, ఇంత తెలివిగా చేయడం ఆయనకే చెల్లింది.

అందుకే పొద్దున బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున మా ఆయనకి చెప్పేశాను. ఆయన నోటినిండా నురగతో, బ్రష్షు అలాగే పట్టుకుని విన్నాడు. మీ అక్క ఇంటికి పంపించెయ్, అక్కడ మంచూ లేదు, సైకిలూ లేదు, ఆయనో నేనో తేల్చు అన్నాను. "నాన్న ఫోర్కుతో టైరు పొడిచాడా?" అన్నాడు. వాక్యం అలా బయట పడేసరికి నాకే ఎలాగో ఉంది కానీ తగ్గలేదు. ఆయన నోరు పుక్కిలించి, "మధ్యాహ్నం తినడానికి వస్తాగా, అప్పుడు మాట్లాడతాను" అన్నాడు. ఎంత తేలిగ్గా ఒప్పుకున్నాడు! ఆ తేలికదనం మీద కూడా అనుమానమే. ఒకవేళ ఇద్దరూ ఒకటేనేమో. ఇప్పుడు టైమెంత? తినడం అయిపోయుంటుంది. ఇప్పుడే చెబుతుంటాడు. ఆ ముసలాయన వింటూ ఉంటారు, కుడికాలు నేల మీద నొక్కుతూ. ఏముంది అందులో, తప్పు చేసినవాళ్ళు పడతారు, నాకేం జాలి లేదు. లేదు అని ఇన్నిసార్లు ఎందుకు అనుకుంటున్నాను?

షాపతను ట్యూబు వేలాడేసుకుని వచ్చాడు. నా చేతిలో ఫోర్కు, ఒళ్ళో టైరు. దాచే వ్యవధి దొరకలేదు. ఫోర్కు వంక చూశాడు, నా వంక చూశాడు, షాపులో ఇన్నేళ్ళుగా రకరకాల మనుషుల్ని చూసినవాడు కాబట్టి ఏమీ అడగలేదు.

"ఇది దిగని టైరు కావాలి నాకు" అన్నాను, ఇక దాపరికం ఎందుకని. "ఎవరో కావాలని పొడుస్తున్నారు."

"పొడిచింది కాదండీ ఇది" అన్నాడు ట్యూబు చూపిస్తూ. "పొడిస్తే ముందు టైరుకి చిల్లు పడాలిగా? మీ టైరు వేలు పెట్టి తడిమాను, ఎక్కడా గాటు లేదు. ఇది నలుగుడు. గాలి తక్కువగా ఉన్నప్పుడు గట్టు ఎక్కిస్తే ట్యూబు చక్రం అంచుకీ గట్టుకీ మధ్య పడి నలుగుతుంది. అంచులు రెండు కదా, చిల్లులు రెండు. పాముకాటు అంటాం మేము. దీనికి ఆ మందం టైరు కొన్నా ఇంతే. గాలి సరిగ్గా పెట్టుకోండి, చాలు."

"నేను రోజూ రాత్రి రాయిలా కొడతాను పంపు."

"అయితే ఎవరో తీసేస్తున్నారు" అన్నాడు, వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా, అని హీటరు పక్కకి వెళ్ళి కూర్చున్నాడు.

వద్దంటున్నాడు, కొనొద్దంటున్నాడు, ఇలాంటి దుకాణదారుని నేను ఎక్కడా చూడలేదు. నా ఫోర్కు కథ నా చేతిలోనే చచ్చిపోయింది. ఇన్నాళ్ళూ రాత్రుళ్ళు నేను కళ్ళకి కట్టినట్టు చూసిందంతా, మెట్ల మీద ఆయన వంగడం, పళ్ళు దిగడం, అదంతా అబద్ధం. సరే, పొడవలేదు. కానీ గాలి తీశారుగా? గీత తిరిగిందిగా, గోట్లో మసి ఉందిగా? ఇది ఇంకా ఘోరం కదూ! పొడిస్తే ఇంటి దగ్గరే తెలిసిపోతుంది, గాలి కాస్త తీస్తే దారి మధ్యలో తెలుస్తుంది, నేను వంతెన కింద చలిలో వంగి కూర్చున్నాక తెలుస్తుంది. చక్రాల మనిషి ఆయన. గాలి తగ్గితే ఏమవుతుందో ఆయనకి తెలియకుండా ఉంటుందా? కానీ పూర్తిగా ఎందుకు తీయలేదు? పగ పట్టినవాళ్ళు కొంచెం కొంచెం తీస్తారా? మొత్తం తీసేస్తే ఒక్క నిమిషం పని. మూత తిప్పి, కొంచెం వదిలి, మళ్ళీ మూత బిగించి వెళ్ళడమేమిటి? దొంగతనానికి వచ్చినవాడు ఇల్లు సర్దిపెట్టి వెళ్ళినట్టు? ఇక్కడ నా ఆలోచన ఆగిపోయింది. ఎటు తోసినా ముందుకి కదలడం లేదు. అప్పుడే ఫోను మోగింది. మా ఆయన.

"చెప్పేశాను" అన్నాడు. గొంతు అదోలా ఉంది.

"ఏమన్నారు?"

"సరేనన్నాడు. ఎందుకని కూడా అడగలేదు. లోపలికెళ్ళి బ్యాగు తీశాడు. మళ్ళీ వచ్చి నన్ను కిందికి రమ్మన్నాడు. మూల పడి ఉన్న నా పాత సైకిలు దగ్గర కూర్చోబెట్టి వాల్వు మూత తీయించి, గాలి ఎంత వదలాలో నేర్పించాడు. బొటనవేలితో నొక్కితే గోరు మందం దిగాలట. 'అమ్మాయి రాయిలా కొడుతుంది, గట్టి టైరు మంచు మీద జారుతుంది, నేను రోజూ రాత్రి కొంచెం తీసి పెడుతున్నాను, నేను వెళ్ళాక నువ్వు మర్చిపోకు' అన్నాడు. నాతో రెండుసార్లు చేయించి చూశాడు. సరిగ్గా రాలేదని తిట్టాడు కూడా."

ఫోను చెవికి ఆనించుకుని అద్దం దగ్గరికి నడిచాను. వీధిలో ఒక మనిషి సైకిలు నడిపించుకుంటూ పోతున్నాడు, కాళ్ళు జారకుండా చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ. ఇన్ని రాత్రులు. మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లు దిగి, నా నిద్ర చెడకూడదని చెప్పులు చేత పట్టుకుని, చీకట్లో వేలితో నొక్కి చూసుకుని. బస్సు టైరుకి ఇలాంటి గట్టు లెక్కలోకే రాదు. సైకిలు ట్యూబు నలుగుతుందని ఆయనకి ఎవరు చెప్పారు? నన్ను పడకుండా చేయాలనుకుని రోజూ దారిలో ఆపేశారు. నేనేమో ఆయన్ని ఇంట్లోంచి పంపేస్తున్నాను. సిగ్గుతో నా చెవులు కాలుతున్నాయి, చలికి కాదు.

"మామయ్యకివ్వు" అన్నాను.

అటు నుంచి ముందు బ్యాగు జిప్పు చప్పుడు, తర్వాత దగ్గు. "ఆఁ, చెప్పమ్మా."

"మామయ్యా... ఆ గాలి సంగతి నాతో అనొచ్చుగా?"

"అన్నానమ్మా, మొదటి మంచు పడ్డ రోజున. మీ బస్సు కాదు మామయ్యా ఇది అన్నావు." కోపంగా అనలేదు, స్టాపు పేరు చెప్పినట్టు చెప్పారు. "అదలా ఉంచు. నేను లేనప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండు. నీకు ఊరికే పంక్చర్లు అవుతున్నాయి చూడు, అది నాకేం నచ్చట్లేదు. పై వాటాలో కొత్తగా దిగారే, వాళ్ళ మీద నాకు అనుమానం. సైకిలు దారికి అడ్డంగా ఉందని మొన్న గొణిగారు. నేను ఓ కన్నేసే ఉంచాను కానీ ఇంకా దొరకలేదు."

చిల్లులు మీ వల్లే మామయ్యా అనొచ్చు. నిజం అదే. నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఒక్క మాట చాలు, ఆయన ఇన్ని రాత్రుల మోకాళ్ళ నొప్పీ ఒక్కసారిగా వృథా అయిపోతుంది. ఆ మాట నేను అనలేదు.

"మీరు వెళ్ళిపోతే వాళ్ళని ఎవరు కనిపెడతారు మామయ్యా?" అన్నాను. "నేను తెల్లారకముందే వెళ్ళాలి. మీ అబ్బాయి సంగతి మీకు తెలిసిందే, పడుకుంటే లేవడు. గాలి తీయడం కూడా రాలేదటగా. మీరు వెళ్ళొద్దు. నేనే పొద్దున ఏదో వాగాను. నాకు మీరు ఇంట్లో కావాలి."

అటు బ్యాగు కింద పెట్టిన చప్పుడు. తర్వాత, "అది కూడా నిజమే, వాడి వల్ల కాదు" అన్నారు. "సరే. వచ్చేటప్పుడు ఆసుపత్రి మలుపులో దిగి నడువు. ఆ నీడలో మంచు కరగదు."

ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుని, ఒళ్ళోంచి జారిపోయిన టైరు తీసి బల్ల మీద పెట్టి, షాపతని వైపు తిరిగాను. అతను హీటరు దగ్గర చేతులు కాచుకుంటూ ఎటో చూస్తున్నాడు, వినలేదన్నట్టు. విన్నాడు, నాకు తెలుసు.

"గాలి తక్కువున్నా ట్యూబు నలగని టైరు ఏదైనా ఉందా?" అన్నాను.

"వెడల్పుది వేసుకోవాలి. లావుగా ఉంటుంది, మెత్తగా పెట్టినా అంచు దాకా కుంగదు. మీ ఫ్రేములో పడుతుందనుకుంటా." లేచి వచ్చి నిచ్చెన లాగాడు, సగం ఎక్కి ఆగి నా వైపు చూశాడు. "కానీ ఎందుకండీ ఇంత ఖర్చు? రోజూ సరిగ్గా గాలి నింపుకుంటే సరిపోతుందిగా?"

"నేను నింపుతానండీ" అన్నాను. "మా మామయ్య తీస్తారు."